గుండెకాయలో నీళ్ళు పోసిన రోజు

నా చిన్నప్పుడు నేనొక మనిషి మీద పగబట్టాను. ఆయన మా బడి మాస్టారు. బరంపురం గోసాని నువాగాంలో మా తాతయ్యకు మేకమాంసం కొట్టు ఉండేది. నా పరికిణీ నీచు వాసన కొడుతోందని మాస్టారు నన్ను గదిలోంచి లేపి, వసారాలో చెప్పుల పక్కన కూర్చోబెట్టాడు. పిల్లలంతా ముక్కులు మూసుకుని నవ్వారు. బరంపురం ఇంకా మద్రాసు కిందే ఉన్న రోజులవి. మాబోటి వాళ్ళం ఎవరితో చెప్పుకుంటాం? నా ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు బడిలో గుండె పాఠం జరుగుతోంది. మర్నాడు ఒక మేక గుండెకాయను అడ్డాకులో చుట్టి, మాస్టారి సంచిలో పడేద్దామని బయల్దేరాను. గుమ్మంలోనే తాతయ్యకు దొరికిపోయాను. ఏడుస్తూ అంతా చెప్పేశాను. తిడతాడనుకుంటే, ఆ పొట్లం నా చేతిలోంచి తీసేసుకున్నాడు. తర్వాత ఊపిరితిత్తులు ఇంకా ఊడదీయని గుండెకాయ ఒకటి తెచ్చి ముందు పెట్టాడు.

ఒంట్లో తిరిగి నల్లబడిన రక్తం ముందు కుడి పక్కకు వస్తుందట. అక్కడ నీళ్ళు పోసి పిసికితే అవి ఊపిరితిత్తుల్లోకి పోయాయి. అక్కడ గాలి తగిలి ఎర్రబడ్డ రక్తం ఎడమ పక్కకు వస్తుందన్నాడు. ఆ పక్క గోడ మందం. అందులో నీళ్ళు పోసి పిసికేసరికి పెద్ద గొట్టంలోంచి నా మొహం మీదకు చిమ్మాయి. లోపలి పల్చటి తలుపులు చూపించాడు.

"సూడే గుంటా, ఒకపాలి లోపలికొచ్చిన రగతం ఎనక్కెల్లదు. అలాగని లోపలే ఉండిపోదు. ఏ దారిన ఎల్లాలో ఆ దారినే ఎల్తాది. నీ కోపాన్నీ దారిన ఎట్టు."

వారం తిరక్కుండా బడి తనిఖీకి ఇన్స్పెక్టరు వచ్చాడు. నేను కావాలనే ఆ పరికిణీ ఉతక్కుండా కట్టుకెళ్ళాను. కుడి గదిలోంచి రక్తం నేరుగా ఎడమ గదిలోకి పోతుందని మాస్టారు నేర్పినట్టే పిల్లలు అప్పజెప్పారు. నేను వసారాలోంచి లేచి, తప్పన్నాను. లోపలికి పిలిస్తే వెళ్ళి, బోర్డు మీద ఊపిరితిత్తులు గీసి దారంతా చూపించాను. మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎవరు నేర్పారని ఇన్స్పెక్టరు అడిగాడు.

"మా తాత. మేకమాంసం అమ్ముతాడు," అన్నాను, వసారా దాకా వినబడేలా.

ఆ పూటే నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. సరిగ్గా మాస్టారి ముక్కు కింద. ఏడాది పొడుగునా అక్కణ్ణుంచి కదల్లేదు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. గుండెలో ఒక తలుపు సరిగా మూసుకోవడం లేదని, రక్తం కొంచెం వెనక్కి పోతోందని డాక్టరు చెప్పాడు. పోతే పోనీ. ఆ మాస్టారి మీద కోపం మాత్రం ఒక్క చుక్క వెనక్కి పోలేదు.