మోకాలు వంచని స్కాట్లండ్ రాజు

ఒక మధ్యాహ్నం పాటు నేను స్కాట్లండ్ రాజుగా ఉన్నాను. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, మా అమ్మాయి స్కూల్ కెఫెటేరియాలో.

మా అమ్మాయి, మా ఆవిడ అక్క కూతురు ఒకే క్లాసు. కొన్ని వందల ఏళ్ళ కిందట ఇంగ్లండ్, స్కాట్లండ్ రాజులు సరిహద్దులో కలిసి సంధి చేసుకునే ఘట్టం వేసి చూపించమని హిస్టరీ టీచర్ ప్రాజెక్ట్ ఇచ్చింది. పెద్దవాళ్ళూ వేషం వేయొచ్చట. పిల్లలిద్దరూ గడ్డాలున్నవాళ్ళ కోసం వెతికి మా తోడల్లుళ్ళిద్దరినీ పట్టుకున్నారు. వయసులో పెద్ద కాబట్టి ఆయన ఇంగ్లండ్. నాకు స్కాట్లండ్ మిగిలింది. సోఫా మీది ఎర్రగళ్ళ దుప్పటి తెచ్చి, స్కాట్లండ్ మగవాళ్ళు కట్టే గళ్ళ లంగాలా నా నడుముకి చుట్టారు.

ఆయనది కరీంనగర్, నాది తెనాలి. ఇన్నేళ్ళలో మేం గొడవపడింది లేదు. కాకపోతే ఏ ఫంక్షన్‌కి వెళ్ళినా పెద్దల్లుడు ఆయనే, నేను రెండోవాణ్ణి.

రిహార్సల్ మా పెరట్లో. గడ్డిలో నీళ్ళ పైపు పరిచి అదే బోర్డర్ అన్నారు. మా అమ్మాయి స్క్రిప్ట్ చూసి చెప్పింది: "డాడీ, ఇప్పుడు నువ్వు మోకాళ్ళ మీద కూచో. నువ్వు తన కింద రాజువి అంటాడు ఇంగ్లండ్ కింగ్."

"స్కాట్లండ్ వాళ్ళు ఒప్పుకున్నారా?"

"కొన్నిసార్లు ఒప్పుకున్నారు. కొన్నిసార్లు వార్. ఇట్స్ కాంప్లికేటెడ్, డాడీ."

మా తోడల్లుడు లాన్ చైర్‌లో కాలు మీద కాలేసుకుని, "మొక్కు తమ్మీ, జల్ది" అన్నాడు. ఆ మాట ఎక్కడో తగిలింది. వంగబోయిన నడుము ఆగిపోయింది.

"అన్నయ్యా, నేను సంధికొచ్చాను, సాష్టాంగానికి కాదు."

ఆయన నవ్వలేదు. "స్క్రిప్ట్ల ఉన్నది చెయ్యనీకి ఏమైతది నీకు?"

ఆ వారమంతా రాయబారాలే. మా ఆవిడా, వాళ్ళక్కా ఫోన్లు చేసుకున్నారు. ఒక మోకాలు చాలదా అని ఇటునుంచి. రెండూ ఆనాల్సిందే అని అటునుంచి.

"కుషన్ వేస్తారట," అంది మా ఆవిడ.

"కుషన్ కాదు సమస్య, సార్వభౌమత్వం."

"మీకేమైనా పిచ్చి పట్టిందా?" అంది. పట్టే ఉంటుంది. అప్పటికే లైబ్రరీ నుంచి స్కాట్లండ్ చరిత్ర తెచ్చుకుని ఆఫీస్ మీటింగుల్లో కెమెరా ఆఫ్ చేసి చదువుతున్నాను.

ప్రదర్శన రోజు కెఫెటేరియా నిండిపోయింది. మా తోడల్లుడు అట్ట కిరీటం సర్దుకుని, మోకరిల్లమని ఇంగ్లిష్‌లో ఆజ్ఞాపించాడు. నేను నిలబడే ఉన్నాను. మళ్ళీ ఆజ్ఞాపించాడు. నేను కదల్లేదు. ఆయనకి ఇంగ్లిష్ అయిపోయింది.

"ఏందయ్యా, కూసుంటవా కూసోవా?"

"నా నేల మీద నేనెవరికీ వంగను!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నీ నేలా? కాలనీ అసోసియేషన్‌ని అడగంది చెట్టు గూడ పెట్టలేవు నువ్వు!"

బిషప్ వేషంలో ఉన్న మా అమ్మాయి పరుగున వచ్చి మధ్యలో నిలబడింది. ఇద్దరు రాజులూ చర్చి ముందు మోకరిల్లాలని, స్క్రిప్ట్‌లో లేని ఆజ్ఞ ఒకటి వేసింది. తర్వాత మాకు మాత్రమే వినబడేలా, "ప్లీజ్, డాడీ. ప్లీజ్, పెదనాన్నా" అంది. ఇద్దరం ఒక్కసారే కూలబడ్డాం.

లేవడం మాత్రం ఇంగ్లండ్ వల్ల కాలేదు. మోకాలు పట్టేసింది. నేనే చంకల కింద చేతులు వేసి లేపాను. "మెల్లగ తమ్మీ, మెల్లగ," అని మూలుగుతూ నా మెడ చుట్టూ చెయ్యి వేశాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

టీచర్ పరవశించిపోయింది. ఆ కాలపు భాషలు నేర్చుకుని మరీ మాట్లాడామని, రెండు రాజ్యాల యాసల మధ్య తేడా కూడా తనకు స్పష్టంగా తెలిసిందని మెచ్చుకుంది. మేం మొహమొహాలు చూసుకున్నాం. చాలా ప్రాక్టీస్ చేశామని మా తోడల్లుడు గంభీరంగా చెప్పాడు.

తర్వాత గ్రేడ్లు వచ్చాయి. మా అమ్మాయికి ఏ, వాళ్ళమ్మాయికి ఏ మైనస్. అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. ఇప్పుడు మేమిద్దరం ఇళ్ళలో చెప్పకుండా పక్క ఊరు ప్లేనోలో ఒక టిఫిన్ సెంటర్‌లో కలుసుకుని, ముందు ఎవరి భార్య ఎవరికి ఫోన్ చేయాలో ఇడ్లీలు తింటూ చర్చిస్తున్నాం.