గడియ లేని తలుపు

మా మేనత్త రంగనాయకి కిషన్‌బాగ్‌లోని ఒక చిన్న గుడిలో ముప్పై ఏళ్లుగా నైవేద్యం వండుతోంది. ఆమె భర్త వామన్‌రావు మామ అక్కడి పూజారి. అత్త మడి కట్టుకుని వంటశాలలోకి వెళ్లి తలుపు వేసిందంటే, స్నానం చేసి మడిబట్ట కట్టనివాళ్లు గడప తొక్కకూడదు. తొక్కేవాళ్లూ లేరు కాబట్టి ఆ తలుపుకు గడియే లేదు. నైవేద్యం అయ్యేదాకా అత్త మంచినీళ్లు కూడా ముట్టదు. ఆ పట్టుదల చూస్తే నాకు ఒళ్లు మండేది. చెబితే వినే మనుషులా!

పోయిన చలికాలం గంజి వారుస్తుంటే ఆమెకు ఛాతీ పట్టేసింది. యాంజియోగ్రామ్ తీసి, పెద్ద నాళాలన్నీ శుభ్రంగా ఉన్నాయన్నారు. గ్యాస్ నొప్పేనని మామ వీధంతా చాటింపు వేశాడు. నొప్పి మాత్రం పోలేదు. నేనే పట్టుబట్టి స్రవ్య అనే ఇంకో డాక్టరమ్మకు చూపించాను.

"గుండె కండ లోపలున్న సన్న నాళాలు ఆ ఫోటోల కనబడవమ్మా," అంది ఆమె. "మీ రక్తంల హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం మస్తు పెరిగింది. బీ-ట్వెల్వ్ తక్కువైతే గిట్ల పేరుకుంటది. సన్న నాళాల లోపలి పొరను అది దెబ్బతీస్తదని అంటరు. అప్పుడు నాళాలు టైంకు విచ్చుకోవు."

బీ-ట్వెల్వ్ సూదులతో ఆ ఆమ్లం తగ్గుతుంది కానీ, నొప్పి పోతుందని మాట ఇవ్వలేనంది. నొప్పొస్తే నాలుక కింద పెట్టుకోమని మాత్రలు రాసింది. అవి ఎప్పుడూ చేతికందేలా ఉండాలని రెండుసార్లు చెప్పింది.

అప్పటినుంచి అత్తకు భయం పట్టుకుంది. కంటికి కనబడని చోట ఏదో మూసుకుపోతోందని భయం.

"తలుపు ఏసుకున్నంక ప్రాణం పోతే ఎవరికి తెలుస్తదిరా?" అని నన్నడిగింది.

"మాత్రలు కొంగున కట్టుకో అత్తా."

"నైవేద్యం కాకముందు నోట్లె పెడితే ఎంగిలి గాదా?"

మాత్రల డబ్బా తలుపు బయటి గూట్లో పెట్టి లోపలికి వెళ్లేది.

మొన్న శనివారం పులిహోర కలుపుతుండగా నొప్పి వచ్చి దవడ దాకా పాకింది. చేతిలోని గరిటె జారి ఇత్తడి గిన్నె మీద పడింది. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. ఇక చచ్చిపోతున్నాననే అనుకుంది. గోడ పట్టుకుని, ఆగి ఆగి తలుపు దాకా వెళ్లి, గూట్లోంచి మాత్ర తీసి నాలుక కింద పెట్టుకుని గడప మీదే కూలబడింది. ఆ క్షణంలో స్వామీ గుర్తురాలేదు, ఎంగిలీ గుర్తురాలేదట.

నొప్పి కాస్త దిగుతుండగా మామ పరుగెత్తుకొచ్చాడు. తల మీంచి నీళ్లు కారుతున్నాయి, తడిపంచె కాళ్లకు అడ్డం పడుతోంది.

"చప్పుడు వినలేదా?" అంది అత్త.

"విన్న." అన్నాడు మామ. "తలుపు దాక వచ్చిన. బజారుకు పోయొచ్చిన బట్టలతోటి ఉన్నగదా... స్నానానికి పోయిన."