పద్నాలుగో తారీకు చేపల పెట్టె

“కాదక్కా, నే చెప్పేది పూర్తిగా విను. ఆ పుస్తకంలో పద్నాలుగు అని రాశానే, అది మీ పద్నాలుగే. మా పద్నాలుగు కాదు.”

మటలేనా చేతిలో చాప అల్లే ఆకు అక్కడే ఆగిపోయింది. పాగోపాగో నుంచి చెల్లెలు లుపే వచ్చి మూడు రోజులైంది. మటలేనా భర్త చావుకి వచ్చిన చదివింపులు రాసుకున్న పుస్తకం పాత పెట్టెలో కనబడితే తీసి, ఎవరెవరు ఏమేం తెచ్చారో చదువుకుంటూ నవ్వుకుంటున్నారు పొద్దున్నుంచీ.

“నువ్వు పాగో మనిషివి. పాగో తారీకే రాసుంటావు గదే!”

“ఏం, నాకు బుర్ర లేదా? విమానం దిగగానే చేతి గడియారంలో తారీకు మార్చుకున్నాను. అయినా నమ్మకం లేక రోజూ పొద్దున్నే ‘అక్కా, ఇక్కడ ఇవాళ ఎంత?’ అని నిన్నే అడిగేదాన్ని. మీ ఆయన పోయిన దుఃఖంలో ఉన్నావు, నీకేం గుర్తుంటుందిలే.”

పాగోపాగో విమానంలో అరగంట ప్రయాణం. మధ్యలో సముద్రం మీద తేదీ మారే గీత ఉంది కాబట్టి, తేదీ మాత్రం వాళ్ళకి ఎప్పుడూ నిన్నటిదే. ఈ తేడా మటలేనా ఉండే సవాయీ దీవిలో చంటిపిల్లలకి కూడా తెలుసు. మటలేనాకి మరీ బాగా తెలుసు. అదే కొంప ముంచింది.

రెండేళ్ళ కిందటి మాట. మటలేనా భర్త ఎన్నికల ముందు పోయాడు. వారం పది రోజులు జనం వస్తూనే ఉన్నారు. ఒకరు పెళ్ళికీ చావుకీ పెట్టే సన్నచాప, ఒకరు పిసుపో అనే గొడ్డుమాంసం డబ్బాలు, ఒకరు పంది. భర్తతో ఇరవై ఏళ్ళు ఒకే జట్టులో క్రికెట్ ఆడిన లోమితుసి డబ్బా చేపల పెట్టె ఒకటి భుజాన పెట్టుకొచ్చాడు. ఆ లోమితుసి అప్పుడు పాలకపక్షం తరఫున ఎన్నికల్లో నిలబడి ఉన్నాడు. పదిహేనో తారీకు నుంచి అభ్యర్థులెవరూ ఎవరికీ ఏమీ ఇవ్వకూడదని చట్టం. చావైనా సరే, పెళ్ళైనా సరే.

లోమితుసి ముప్ఫై ఓట్లతో గెలిచాడు. ఓడినవాడు రాజధాని అపియాలో సుప్రీం కోర్టుకెక్కాడు. చేపల పెట్టె లంచం అన్నాడు. ఎన్నికల కేసుల్లో ఆ కోర్టు మాటే ఆఖరు మాట, పైన ఇంకో మెట్టు లేదు.

మటలేనాకి సమను వచ్చింది. తెల్లబట్టలు కట్టుకుని, ఓడెక్కి, బైబిలు మీద చెయ్యేసి నిలబడింది. ఆవిడ జ్ఞాపకశక్తికి ఊళ్ళో పేరు. ఎవరి పిల్ల ఏ తుఫాను నాడు పుట్టిందో ఆవిడనే అడుగుతారు.

“అమ్మా, ఈ పుస్తకంలో లోమితుసిగారి పేరు పక్కన పద్నాలుగు అని ఉంది. పద్నాలుగునే ఇచ్చారా?” అన్నాడు ఓడినవాడి వకీలు.

‘గుర్తు లేదు బాబూ’ అంటే సరిపోయేది. నోరు ఊరుకుందా? “అది మా చెల్లెలు రాసింది బాబూ. దానిది పాగోపాగో. దాని పద్నాలుగంటే మన పదిహేను” అంది.

కోర్టు హాల్లో జనం మెచ్చుకోలుగా గొణిగారు. జడ్జీలిద్దరూ తలలు వంచి రాసుకున్నారు. మటలేనాకి ఆ క్షణాన ఒంట్లో ఎంత పొంగు వచ్చిందో, ఇప్పుడు తలుచుకుంటే అంత సిగ్గేస్తోంది.

లోమితుసి వకీలు ఎగిరి లేచాడు. “అయ్యా, ఈవిడ పొరబడుతోంది, నన్ను అడగనివ్వండి...”

“కూర్చో” అన్నాడు లోమితుసి, అతని కోటు అంచు పట్టుకుని లాగుతూ. “మా వదిన ఇంటి చావు అది. ఆవిడకి పెట్టింది ఎప్పుడు పెట్టానో ఆవిడతోనే వాదించనా? నాకు అంత ఖర్మ పట్టలేదు.”

లోమితుసి మాటాయి, అంటే ఇంటిపెద్ద. అలాంటివాడు విధవరాలికిచ్చిన చదివింపు మీద నలుగురిలో పేచీ పెట్టుకుంటే ఇంటిపేరే పోతుంది. జడ్జీలు మాత్రం ఏం చేస్తారు? బల్ల మీద పెట్టిందే చూస్తారు. పెట్టనిది ఎక్కణ్ణుంచి తెస్తారు? సీటు పోయింది. మళ్ళీ నిలబడే హక్కు కూడా పోయింది.

ఆ ఒక్క సీటుతో పార్లమెంటులో పాలకపక్షం బలం తగ్గింది. ఇక రేడియోలో మొదలు. “జడ్జీలు అవతలివాళ్ళ చాప మీద కూర్చుని తీర్పు రాశారు” అని ఒకాయన. “పెద్ద జడ్జీని మార్చాల్సిందే” అని ఇంకొకాయన. జడ్జీలు రేడియోకి ఫోను చేసి జవాబు చెప్పుకోలేరు గదా. మటలేనా టారో దుంపలు చెక్కుతూ, ‘పాపం, నా ఎదురుగానే రాశారు, వాళ్ళకి ఏ కల్మషమూ లేదు’ అనుకునేది. అసలు తప్పు తనదేనని అప్పటికి తెలియదు. లోమితుసి నాలుగు నెలలకి ఇల్లు మూసి, దీవికి ఆ చివర అత్తగారి ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు కూడా వచ్చి, “వదినా, వస్తా” అని చెప్పి మరీ వెళ్ళాడు.

“పోనీ ఒకవేళ నువ్వే పొరబడ్డావేమో?” అంది మటలేనా. ఆశగానే అడిగింది.

“ఆయన పెట్టె తెచ్చినప్పుడు చంకలో బ్యాటు ఉంది, గుర్తు లేదూ? ‘ఆట మధ్యలో వచ్చా, మళ్ళీ పోవాలి’ అన్నాడు. పదిహేను ఆదివారం. ఆదివారం నాడు మీ ఊళ్ళో బ్యాటు ముట్టుకుంటే పాస్టరుగారు వీపు చీరెయ్యడూ?”

బ్యాటు. అవును. నిట్రాటకి ఆనించి పెట్టాడు. పోయేటప్పుడు మరిచిపోతే తనే అందించింది. అదంతా కళ్ళకి కట్టినట్టు ఉంది. కోర్టులో అది ఏ వారమని ఎవరూ అడగలేదు. తనకీ తట్టలేదు.

లుపే అక్క మొహం చూసి తగ్గింది. “పోనీ, అపియాకి ఫోన్ చేసి పెద్ద జడ్జీగారికి చెబుతావా ఏం?”

“వెక్కిరించకే. కేసు మూసేశారు. వాళ్ళయినా మళ్ళీ తెరవలేరు.”

“మరి రేడియోకి? జడ్జీల తప్పు లేదని అక్కడన్నా చెప్పు.”

“చెబుతాను. కానీ ముందు లోమితుసికి చెప్పాలి. ఆయనకి చెప్పకుండా ఊరందరికీ చెబితే మళ్ళీ గొప్పకి పోయినట్టే.”

మటలేనా లేచి అల్లుతున్న సన్నచాపని ఎత్తి చూసింది. రెండేళ్ళ పని. మనవరాలి పెళ్ళికని మొదలుపెట్టింది. ఇంకో నాలుగు వేళ్ళ మేర అల్లితే అయిపోతుంది. తప్పు చేసినవాళ్ళు క్షమాపణ అడగాలంటే ఇక్కడి ఆచారం ఒకటుంది: తెల్లవారుతుండగా ఆయన వాకిట్లో ఇది నెత్తిన కప్పుకుని కూర్చోవాలి. ఆయన వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండెక్కే దాకా అలాగే కూర్చోవాలి.

“నేనూ వస్తా. తారీకు రాసిందాన్ని నేను గదా” అంది లుపే.

“రా. కానీ నోరు మూసుకుని కూర్చోవాలి. నీ వల్ల అవుతుందా?”

“నీ వల్ల అవుతుందా అది చూసుకో ముందు.”

ఇద్దరూ నవ్వబోయారు. మటలేనా ఫోను తీసుకుని లోమితుసి భార్య నంబరు కోసం వెతికింది. ఫోనులో ఏమీ చెప్పకూడదు. వచ్చే శనివారం ఇంట్లోనే ఉంటారా అని అడగాలి. ఆ రోజు తెల్లవారుజామున కుక్కని కట్టేసి ఉంచమనాలి. అంతే. మధ్యాహ్నం వాళ్ళు భోజనం చేసి లేచే వేళకి చేస్తాను, అనుకుంది.