దీపం ఆరలేదు

డెబ్బై రెండు మే నెలలో రాజస్థాన్ సరిహద్దులో దిగాను. యుద్ధం ముగిసింది గానీ ఇసుకలో పాతిన మందుపాతరలు తీసే పని ముగియలేదు. పగలు నలభై ఏడు డిగ్రీలు. గాయపడ్డవాళ్లకు భూమిలో తవ్విన గదిలో ఆపరేషన్లు చేసేవారు. ఆ గదికి ఏసీ నడిపే హవల్దారును నేను. నా కింద ఫిట్టరు మల్లేశు, మందమర్రివాడు. మాది గోదావరిఖని. ఇద్దరి నాయనలూ బొగ్గుబాయిలోకి దిగినవాళ్లే.

ఏసీ చల్లదనాన్ని పుట్టిస్తుందనుకుంటారు మీరంతా. కాదు. గొట్టాల్లో తిరిగే గ్యాసు లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారేస్తుంది, అంతే. పాత ప్లాంట్లలో అమోనియా ఉండేది. కాస్త కారినా ముక్కు అదిరిపోయేది, మనిషి బయటికి ఉరికి బతికేవాడు. మాది ఫ్రియాన్. వాసన లేదు, నిప్పు అంటుకోదు. భలే మంచి గ్యాసని మురిసేవాళ్లం. ఎక్కడ కారుతోందో పట్టడానికి చిన్న దీపం ఇచ్చారు. గ్యాసు తగిలితే దాని మంట ఆకుపచ్చగా మారుతుంది.

ఒక రోజు పదకొండున్నరకు ఆపరేషన్ గదిలో చల్లదనం తగ్గిపోయింది. కాలు తెగిన జవానును తెస్తున్నామని వైర్‌లెస్‌లో చెప్పారు. ముందు ఏసీ యంత్రం ఉన్న ప్లాంటు గది తలుపు తెరిచి పావుగంట గాలి ఆడనివ్వాలి. తర్వాతే దీపం వెలిగించాలి. కానీ బయట ఇసుకగాలి. తలుపు తెరిస్తే మంట నిలవదు. మల్లేశును లోపలికి పంపి తలుపు మూశాను.

“అన్నా, జర తలుపు తెరుద్దమా? గొంతు మండుతాంది,” అని లోపలినుంచి అరిచాడు.

“దీపం ఆరిందా?”

“లేదే. మస్తు మండుతాంది, ఆకుపచ్చగ.”

“గట్లయితె ఏం ఫికరు? ఆరితె ఉరికిరా. జల్ది కానియ్యి!”

దీపం మండుతుంటే మనిషి బతుకుతాడు. బాయిలో మా నాయనల లెక్క అది. ఈ గ్యాసు దగ్గర ఆ లెక్క చెల్లదు. మంటలో కాలిన ఫ్రియాన్ విషమవుతుంది. పుస్తకంలో రాసి ఉంది. చదివాను కూడా. చదివీ తలుపు మూశాను, సిగ్గులేనివాణ్ణి.

మల్లేశు లీకు బిగించి, దగ్గుకుంటూ తనంత తానే బయటికొచ్చాడు. ఆపరేషన్ జరిగింది. జవాను బతికాడు. సాయంత్రానికి మల్లేశుకు ఊపిరి అందడం కష్టమైంది. విచారణలో “తలుపు నేనే మూసుకున్నాను” అని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. నా భుజం మీది పట్టీలు ఊడతాయని నోరు విప్పలేదు.

డెబ్బై నాలుగులో ఫౌజు వదిలి వచ్చి మందమర్రి వెళ్లాను. మల్లేశు వాళ్ల నాయన క్వార్టరు ముందు మంచంలో దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడదట. ఆ ఊపిరితిత్తులతో పనికిరాడని ఫౌజు ఇంటికి పంపేసిందట, బాయిలో కొలువు కూడా దొరకలేదట. నన్ను చూసి నవ్వి, భార్యను పిలిచాడు.

“ఈ అన్ననే నన్ను బయటికి గుంజిండు. లేకుంటె గక్కడ్నే పోయెటోణ్ణి.”

నేను నోరు తెరవబోయాను. వద్దన్నట్టు తల ఊపాడు.

ఆమె వంగి నా కాళ్లు పట్టుకుంది. “నా పుస్తె నిలబెట్టినవ్ అన్నా,” అని ఏడ్చింది. ఆమె కన్నీళ్లు నా పాదాల మీద పడ్డాయి. వెచ్చగా ఉన్నాయి. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.