పుస్తకంలో శుక్రవారం

‘నిర్లక్ష్యం’ అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎజ్రా బాబాయిని ఆ మాట అన్నారు. ఆయన్ని ఎరిగిన వాళ్లెవరూ అనే మాట కాదది.

తెనాలిలో మాది ఇరవై మంది పనిచేసే మెషిన్ షాపు. ఉక్కు పిన్నులు, బిగింపు పట్టీలు చేస్తాం. హైదరాబాదు కంపెనీ ఒకటి వాటిని కొని విదేశాల్లో ఆయుధాలు తయారు చేసేవాళ్లకు పంపుతుంది. చూస్తే తలుపు గడియకు వేసే పిన్నులాగే ఉంటుంది. కానీ దాన్ని దేశం దాటించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ అనుమతి వచ్చేదాకా సరుకు మా గేటు కూడా దాటకూడదని కంపెనీ షరతు. ఏ కడ్డీ నుంచి కోశారు, ఎవరు కోశారు, డ్రాయింగు ఎవరెవరు చూశారు, ఏ రోజున గేటు దాటింది, అన్నీ రాసి ఏళ్ల తరబడి దాచాలి. ఆ రాసే పని ఎజ్రా బాబాయిది. కొలతలు సరిచూసే పని నాది. నా పేరు అపర్ణ.

ఆయనది నిజాంపట్నం పక్కన పల్లె. హార్బరులో చేపల వేలం దగ్గర పదకొండేళ్లు తూకాలు రాశాడు. అరిచేవాళ్లు అరుస్తుంటారు, తోసేవాళ్లు తోస్తుంటారు, కాటా ముల్లు నిలబడేదాకా ఈయన కలం కదిలేది కాదట. తర్వాత రేపల్లెకు మారి, రోజూ పొద్దున్నే రైల్లో తెనాలి వచ్చేవాడు. మా దగ్గర కూడా అదే పద్ధతి. పెట్టె మీద చెయ్యి వేసి చూడనిదే పుస్తకంలో ఒక్క అక్షరం పడేది కాదు. రెండొందల పిన్నులని నేను చెబితే, నవ్వి, మళ్లీ లెక్కపెట్టుకునేవాడు. మొదట్లో నాకు చిర్రెత్తుకొచ్చేది. పోనుపోను ఆయన లెక్కపెట్టకపోతే నాకే తోచేది కాదు.

ఇక మా ఓనరు వెంకటరత్నం గారు. తిథి చూడకుండా గడప దాటరు. అందులో తప్పేం లేదు, మా అమ్మా అంతే. మంచిరోజున ప్రయాణం కుదరకపోతే సంచీ ముందే పక్కింట్లో పెట్టి ప్రస్థానం ఉంచడం, తర్వాత వీలైన రోజున బయల్దేరడం మా ఇళ్లలో ఉన్నదే. అయితే ఈయన దాన్ని ఉక్కు పిన్నులకు కూడా పట్టించారు. బండి వెళ్లే రోజు అష్టమో నవమో అయితే, ముందే ఒక మంచిరోజు చూసి, ఒక పెట్టెను పక్కనున్న కలప అడితీలో పెట్టిస్తారు. ఇక సరుకు బయల్దేరినట్టే లెక్క. పుస్తకంలో ఆ తేదీయే పడాలి.

మొదటిసారి చెప్పినప్పుడు ఎజ్రా బాబాయి రాయనన్నాడు. పెట్టెలన్నీ ఇక్కడే కళ్లెదుట ఉంటే పోయినట్టు ఎలా రాస్తానని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను, విన్నాను. ఓనరుగారు మెత్తగా మొదలుపెట్టి, గట్టిగా ముగించారు. ఇష్టం లేనివాళ్లకు గేటు తెరిచే ఉందన్నారు. బాబాయి రాశాడు. ఆ రోజు మధ్యాహ్నానికి తెచ్చుకున్న క్యారేజీ విప్పకుండానే రేపల్లె తీసుకుపోయాడు. అలా ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు రాశాడు.

తొమ్మిదోసారి కొంప మునిగింది. ప్రభుత్వ అనుమతి సోమవారం వచ్చింది. బండి ఆ మధ్యాహ్నమే కదిలింది. ఆ రోజు అష్టమి. పుస్తకంలో మాత్రం పంచమి శుక్రవారం సరుకు వెళ్లిపోయినట్టుంది. అంటే కాగితం ప్రకారం అనుమతి రాకముందే, మూడు రోజుల ముందే, ఆయుధపు సామాను గేటు దాటించాం. పైగా ఎవరికీ చూపకూడని పెట్టె ఒకటి మూడు రోజులు టేకు దుంగల మధ్య ఉంది. దొంగలు కూడా ఇంత శ్రమపడి తమ మీద సాక్ష్యం తయారు చేసుకోరు.

హైదరాబాదు కంపెనీ నుంచి రికార్డులు తనిఖీ చేసే వేదవ్యాస్ వచ్చాడు. పుస్తకం పక్కన బండి బిల్లు పెట్టి, రెండు తేదీల మీదా వేలు పెట్టి చూపించాడు. ఇలాంటివి దొరికితే ఆర్డరు పోవడమే కాదు, కేసు కూడా అవుతుందన్నాడు.

వెంకటరత్నం గారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. మావాడు పెద్దవాడైపోయాడండి, చూపు ఆనక పొరపాటున రాసి ఉంటాడన్నారు.

ఎజ్రా బాబాయి లేచి నిలబడ్డాడు. "పొరపాటు కాదండి. అయ్యగారు రాయమంటే రాశానండి. రాయకూడదని తెలిసే రాశాను, కాబట్టి తప్పులో నాకూ భాగం ఉందండి. కానీ నిర్లక్ష్యంగా మాత్రం నేను ఏనాడూ రాయలేదండి."

వేదవ్యాస్ నా వైపు తిరిగాడు. "మేడమ్, ఈ సంగతి మీకు తెలుసా?"

"నేను కొలతలే చూస్తానండి" అన్నాను.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం. ఆ సామెతలో నేనూ ఉన్నానని ఆ పూట తెలిసింది.

హైదరాబాదు వాళ్లు హెచ్చరికతో వదిలేశారు. తప్పు ఎందుకు జరిగింది, ఏం దిద్దుకున్నారు అన్నది ఒక ఫారంలో రాసి పంపమన్నారు. కారణం: రికార్డు గుమస్తా నిర్లక్ష్యం. దిద్దుబాటు: అతన్ని తొలగించాం. ఫారంలో రాసినదాన్ని రెండో మనిషి సరిచూసి సంతకం చేయాలట. ఓనరుగారు ఫారం నా ముందు పెట్టి కలం మూత కూడా తీసిచ్చారు. తెనాలిలో ఇంకో కొలతల ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చేశాను సంతకం. వెళ్లిపోతున్న మనిషికి ఇచ్చిన ఉత్తరంలోనూ అదే కారణం, దాని కిందా నా పేరే. ఆయన చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చేపల రేవు నుంచి ఇక్కడిదాకా నేను తెచ్చుకున్నది జాగ్రత్తగా రాస్తాడన్న పేరొక్కటేనమ్మా" అన్నాడు. అంతకన్నా తిట్టి ఉంటే బాగుండేది.

నెల తర్వాత ఆఫీసుకు ఫోను వచ్చింది. నన్నే అడిగారు. బాపట్ల దగ్గర రొయ్యలు శుద్ధి చేసి ఎగుమతి చేసే ఫ్యాక్టరీ నుంచి, మాట్లాడేది వైదేహి అట. ఎజ్రా అనే ఆయన రికార్డుల పనికి వచ్చారు, మనిషి నచ్చారు, కానీ మీ ఉత్తరంలో నిర్లక్ష్యం అని ఉంది, సంతకం మీది కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నానంది. వెంకటరత్నం గారు ఎదురుగా కూర్చుని, ఎవరని కళ్లతోనే అడిగారు.

ఆ కళ్లు చూసేసరికి ఇన్నాళ్లూ అణిచిపెట్టుకున్న కోపం గొంతుదాకా వచ్చింది. సగం ఆయన మీద. సగం నా మీద.

"ఆ ఉత్తరం అబద్ధమండి" అన్నాను. "ఆ తేదీలు మా ఓనరుగారు రాయించారు. రాయనని ఎజ్రా గారు అంటే నేను విన్నాను. విని కూడా సంతకం పెట్టాను."

వెంకటరత్నం గారు కుర్చీ వెనక్కి నెట్టి లేచారు.

"మీ పేరు పూర్తిగా చెప్తారాండి? రాసుకోవాలి" అంది వైదేహి.

ఇంటిపేరుతో సహా చెప్పాను.