ఖలీల్ భాయ్‌ని నోరు విప్పనివ్వని బేరం

పంజాగుట్టలో గిటార్ కొన్నాను. నాలుగు షాపులు తిరిగి, నలుగురు సేల్స్‌మన్‌లను ఓడించి మరీ కొన్నాను. ఆ ధరకు అలాంటి గిటార్ ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ దొరికి ఉండదని ఇప్పటికీ గట్టిగా చెబుతాను. కానీ అది ఇంటికి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో నేను ఒక మాట అనడం మానేయాల్సి వచ్చింది. ఎందుకో చెబుతాను, టీ చల్లారేలోపు అయిపోతుంది.

నేను టైలర్‌ని. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో చిన్న షాపు. ఇంటర్వ్యూలకు పోయే పిల్లలకు ప్యాంట్లు, బ్లేజర్లు సరిచేసి ఇస్తుంటాను. చదివింది ఏడో తరగతి. అయినా నా బతుకు చాక్‌పీసుతో గీత గీసినట్టు ఉంటుంది. పొద్దున ఐదుకు లేస్తాను. చెప్పిన రోజుకు బట్ట ఇస్తాను. యూసుఫ్‌గూడలో మా ఇంట్లో కూడా అంతే. అన్నం దగ్గర ఫోన్ ఉండదు, ప్రార్థన దగ్గర ఆవలింత ఉండదు. తినడం, రాయడం, ఇవ్వడం, పుచ్చుకోవడం, అన్నీ కుడి చేత్తోనే.

ఈ చివరి దానికోసం చాలా కష్టపడ్డాను. మా అమ్మాయి కెజియా చిన్నప్పుడు పెన్సిల్‌కైనా చర్చిలో పంచే బిస్కెట్‌కైనా ఎడమ చెయ్యే చాచేది. నేను ఊరుకుంటానా. "కుడి చెయ్యి" అన్నాను. మళ్ళీ అన్నాను. మా ఇంట్లో ఆ రెండు మాటలు వినిపించినన్నిసార్లు గోడ గడియారం కూడా కొట్టి ఉండదు. ఏడేళ్ళు వచ్చేసరికి దారికి తెచ్చాను. ఇప్పుడు తనకు పదిహేడు. పిల్లల్ని ఎలా పెంచాలని ఎవరు అడిగినా, అడగకపోయినా, ఈ సంగతి చెప్పేవాణ్ణి.

కెజియా మా చర్చి క్వయర్‌లో గిటార్ నేర్చుకుంటోంది. చర్చి గిటార్ ఒక్కటే, దానికోసం ముగ్గురు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక క్వయర్ లీడర్ శామ్యూల్ నన్ను పక్కకు పిలిచాడు.

"మాస్టరన్న, ఏమనుకోకు. పాపకు పాట తెలుసు, ఏ తీగలు నొక్కాలో ఆ కార్డ్స్ తెలుసు. కానీ తాళం నిలుస్తలేదు. తీగలు మీటే చెయ్యి కర్ర లెక్క పోతున్నది. కోత పండుగ దాకా చూస్త. అప్పటికి కాకుంటే ఆ సీటు వేరేటోళ్ళకు ఇయ్యాలె."

చర్చికి పంట కానుకలు తెచ్చే కోత పండుగకు ఇంకా రెండు నెలలున్నాయి. దారిపొడవునా కెజియా తన కుడి చెయ్యినే చూసుకుంటూ వచ్చింది. ఇంటి మెట్ల దగ్గర ఆగి, "నా చెయ్యే మంచిగ లేదు డాడీ" అంది.

"చెయ్యికి ఏమైంది? అభ్యాసం లేదు. సొంత గిటార్ ఉంటే రోజూ గంట కూర్చుంటవ్. కొందాం" అన్నాను.

పదివేలు దాటకూడదని గీత గీసుకున్నాను. శామ్యూల్‌ను అడిగి మూడు సంగతులు నేర్చుకున్నాను. గిటార్ పొడవాటి మెడ చెక్కకు తీగలు దగ్గరగా ఉండాలి, లేకపోతే నొక్కలేక వేళ్ళు పుండ్లు పడతాయి. మెడ వంకర ఉండకూడదు. పైచెక్క ఒకే పలక అయితే రోజులు గడిచేకొద్దీ శబ్దం బాగుపడుతుంది, అతికించిన ప్లైవుడ్ అయితే అంతే ఉంటుంది. నాలుగో సంగతి అతను చెప్పలేదు. తెలియక కాదు. అది కూడా తెలియని మనిషి ఉంటాడని ఊహించలేదు.

ఇవి కాక నాకంటూ ఒక సూత్రం ఉంది. అమ్మేవాడి మాట వినకూడదు.

మొదట అమీర్‌పేటలోనే ఒక షాపుకు పోయాను. సేల్స్‌మన్ నీలం రంగుది, అద్దంలా మెరిసేది ఒకటి చేతికిచ్చాడు.

"అంకుల్, బ్యాగ్ ఫ్రీ, బెల్ట్ ఫ్రీ, ట్యూనర్ ఫ్రీ, ఇంకో సెట్ తీగలు ఫ్రీ."

"ఇన్ని ఫ్రీ ఇస్తే గిటార్‌ల ఏం మిగిలింది బాబూ?" అని జేబులోంచి టేపు తీశాను. మెడ మధ్యలో తీగ కింద సందు కొలిచాను. నా చిటికెన వేలు దూరేంత ఉంది. కింద పెట్టి వచ్చేశాను.

రెండో షాపులో మెడ వంకర. కాలర్ అంచు చూసినట్టు ఒక కన్ను మూసి చూశాను, తెలిసిపోయింది. మూడో షాపులో పైచెక్క ప్లైవుడ్. షాపువాడు ఒప్పుకోలేదు. గిటార్ బొజ్జ మీద గుండ్రటి రంధ్రం ఉంటుంది కదా, దాని అంచు చూపించాను. పొరలు పొరలుగా ఉంది. బట్ట గుణమైనా చెక్క గుణమైనా అంచు దగ్గరే బయటపడుతుంది. "మీరు గిటార్లు చేస్తరా సార్?" అని అడిగాడు. "ప్యాంట్లు కుడతాను" అన్నాను.

నాలుగోది పంజాగుట్టలో, మెట్లెక్కి పోవాలి. ఓనర్ ఖలీల్ భాయ్. నెరిసిన గడ్డం, నుదుటి మీదకు తోసిన కళ్ళజోడు. గోడకు వరసగా గిటార్లు. మూలలో ఒకటి మాత్రం విడిగా వేలాడుతోంది. తేనెరంగు, మెరుపు లేదు, ఆడంబరం లేదు. నాకు అలాంటివే నచ్చుతాయి. టైలర్‌నని, మా పాపకు కావాలని చెప్పి దించమన్నాను.

"మాస్టర్, అది అందరికీ..."

"ఆగు భాయ్. నేను చూసుకుంట."

కౌంటర్ మీద బట్ట పరిచినట్టు పరిచాను. తీగల సందు కొలిచాను, సన్నంగా ఉంది. మెడ చూశాను, స్కేలులా తిన్నగా ఉంది. రంధ్రం అంచు చూశాను. పైన కనిపించే చెక్క గీతలు అంచు దాటి అలాగే లోపలికి దిగాయి. ఒకే పలక! పడుకోబెట్టే ఒక్కో తీగ మీటాను. గుండెలో మోగింది. ఖలీల్ భాయ్ వాయించి చూపిస్తానని చెయ్యి చాచాడు.

"వద్దు. చెయ్యి తిరిగినోళ్ళు దేన్నైనా పలికిస్తరు. మా షాపుల బొమ్మకు ఏ కోటు తొడిగినా బాగుంటది. ఎంత?"

"పద్నాలుగు వేలది. తొమ్మిదికి ఇస్త. ఎందుకు తగ్గించినవని అడుగుండ్రి."

"అడగను. అడిగితే కథ చెప్తవు."

"కథ కాదు మాస్టర్, పాప చెయ్యి గురించి జర ఒక్క మాట..."

"మా పాప చెయ్యి సంగతి నేను చూసుకుంట."

అతను నా ముఖం చూశాడు, పైన తిరుగుతున్న ఫ్యాన్ చూశాడు. బిల్లు మీద ఇంగ్లీషులో ఏదో రాసి, కింద గీత గీసి ఇచ్చాడు. నేను ధర మాత్రం చూశాను. "మల్ల వాపసు అనొద్దు మాస్టర్" అన్నాడు.

"నేను వాపసు తెచ్చే మనిషిలెక్క కనపడుతున్ననా?" అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను, గుర్తుపెట్టుకోండి.

ఆటోలో గిటార్‌ను ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. మెట్రో స్తంభాలన్నీ నాకు వందనాలు చేస్తున్నట్టు అనిపించింది. నలుగురు అమ్మేవాళ్ళు, ఒక్క టైలర్, చివరికి ఎవరు గెలిచారు?

కెజియా బ్యాగ్ జిప్పు తీసి గిటార్‌ను చెంపకు ఆనించుకుంది. ఒళ్ళోకి తీసుకుంది. తిప్పింది. మళ్ళీ తిప్పింది. తన ముఖంలో వెలుగు మెల్లగా తగ్గిపోయింది.

"డాడీ, ఇది లెఫ్టీ."

"అంటే?"

"ఎడమ చేత్తో వాయించేటోళ్ళది. లావు తీగ పైన ఉండాలె. నేను పట్టుకుంటే కిందికి వచ్చింది."

"తీగలు విప్పి అటుది ఇటు కడితే?"

"కింద తీగలు ఆనే పట్టీ ఏటవాలుగ ఉంటది డాడీ. అట్ల కడితే శ్రుతి కుదరదు."

ఖలీల్ భాయ్‌కి ఫోన్ చేశాను. అతను కోప్పడలేదు, అదే ఇంకా బాధ.

"మూడుసార్లు చెప్పబోయిన మాస్టర్. నాలుగోసారి బిల్లు మీద రాసి కింద గీత సుత గీసిన. ఎవరో ఆర్డర్ ఇచ్చి తీస్కపోలేదు. సంవత్సరం సంది మూలకే ఉన్నది. వాపసు తెస్తరా?"

వాపసు తెచ్చే మనిషిలెక్క కనపడుతున్ననా అని అడిగిన నోటితో ఇప్పుడు ఏమనాలి? "ఊరికే అడిగిన" అని ఫోన్ పెట్టేశాను. పెట్టిన డబ్బు పోయింది. కోత పండుగ వస్తోంది, పిల్ల సీటు కూడా పోయేట్టుంది. జీవితంలో మొదటిసారి మా ఇంట్లో తప్పు చేసినవాడిలా కూర్చున్నాను.

అప్పుడు వంటగదిలోంచి మా ఆవిడ సువార్త వచ్చింది. పప్పు గరిటె చేతిలోనే ఉంది.

"దానికే ఇయ్యుండ్రి. ఎడమ చేత్తోనే వాయిస్తది."

"దానికి ఎడమ చేతి అలవాటు ఎప్పుడో పోయింది గదా" అన్నాను.

తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పోయిందా? పొద్దుగాల మీరు షాపుకు పోంగనే కూరగాయల కత్తి దాని ఎడమ చేతికి పోతది. దువ్వెన ఎడమ చేతికి, చీపురు ఎడమ చేతికి. సందు మొదట్ల మీ స్కూటర్ చప్పుడు ఇనవడంగనే అన్నీ కుడి చేతికి వస్తయి. పదేండ్ల సంది ఇదే నడుస్తున్నది. మీ స్కూటర్ సైలెన్సర్ రిపేర్ చేయించినప్పుడు మస్తు ఇబ్బంది పడ్డం."

గిటార్ తీసి కెజియా ఒళ్ళో పెట్టాను. అనడానికి ఉన్న రెండు మాటలూ అప్పుడు పనికిరావు.

కెజియా గిటార్‌ను ఇటునుంచి అటు తిప్పుకుంది. ఎడమ చేత్తో తీగల మీద కిందికీ పైకీ ఒకసారి ఆడించింది. మళ్ళీ ఆడించింది. ఆ చెయ్యి కర్రలా లేదు. ఉతికిన బట్ట తీగ మీద గాలికి ఊగినట్టు ఊగింది. తాళం ఒక్కచోట కూడా జారలేదు. కార్డ్స్ పట్టడం మాత్రం కుడి చేతి వేళ్ళకు మొదటినుంచి నేర్పాల్సి వచ్చింది. రోజూ గంట అన్నాను, తను రెండు గంటలు కూర్చుంది. ఇంట్లో ఉన్న పాత తొక్కుడు మిషన్ మీద నేను దిండు గలీబులు కుడుతుంటే ఆ చప్పుడుకు తాళం కలిపేది. రెండు నెలల్లో మా ఇంట్లో దిండ్లకన్నా గలీబులు ఎక్కువయ్యాయి.

కోత పండుగ రోజు చర్చి నిండిపోయింది. కెజియా అందరూ పట్టుకునేదానికి ఎదురు దిక్కున గిటార్ పట్టుకుని నిలబడింది. మొదటి పాట సగానికి వచ్చేసరికి జనం తన చెయ్యి చూసి తాళానికి చప్పట్లు కొడుతున్నారు. శామ్యూల్ కీబోర్డు దగ్గర నోరు తెరిచి నా వైపు చూశాడు. సీటు సంగతి ఇంక అడగక్కర్లేదు.

పాట అయ్యాక పాస్టర్ గారు మైకు అందుకున్నారు. ఆయనది కోస్తా వైపు. "దేవదానం గారూ, ఏంటండీ ఇంత మంచి సంగతి దాచారు? పిల్ల చేతివాటం కనిపెట్టి, అందరిలా కాకుండా, వెతికి వెతికి ఎడమచేతి గిటార్ తెచ్చారు. తండ్రి అంటే ఇలా ఉండాలి. వచ్చి రెండు మాటలు సాక్ష్యం చెప్పండి."

సాక్ష్యం అంటే సంఘమంతటి ముందు నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పడం. అక్కడ అబద్ధం చెప్పకూడదు. ఎక్కడా చెప్పకూడదు, అక్కడ అసలే చెప్పకూడదు. లోపల మాత్రం, ఊరికే "వందనాలు" అని కూర్చుంటే పోతుంది గదా అని ఒక గొంతు అంటూనే ఉంది. కుడి చేతిలో బైబిల్ పట్టుకుని, ఎడమ చేత్తో మైకు తీసుకుని, జరిగినదంతా చెప్పేశాను. నాలుగు షాపులు, ఖలీల్ భాయ్, బిల్లు, కూరగాయల కత్తి, స్కూటర్ చప్పుడు. ఆడవాళ్ళ వైపు నుంచి మొదలైన నవ్వు వెనక బెంచీల దాకా పోయింది. "నా కళ్ళకు చెక్క అంచు కనిపించింది, కన్నబిడ్డ చెయ్యి కనిపించలేదు. అయినా దేవుడు మంచి బేరం ఇప్పించాడు" అని ముగించాను. ఎవరో గట్టిగా ఆమెన్ అన్నారు. బరువు దిగిపోయింది. తల ఎత్తుకుని, పక్కనే ఉన్న కెజియాకు మైకు అందించాను.

తను తీసుకోలేదు. చేతులు కట్టుకుని, నేను చాచిన చెయ్యి వైపు చూసి, ఆన్‌లోనే ఉన్న మైకు దగ్గరకు కొద్దిగా వంగింది.

"డాడీ, కుడి చెయ్యి."