సిగ్గుపడి వెళ్తే గుండె జబ్బు బయటపడింది

కోటలాంటి మా తాతల ఇల్లు, గడీ, కూలిపోయి చాలా కాలమైనా జనగామలో నన్ను ఇప్పటికీ దొరా అనే పిలుస్తారు. అందుకే నిరుడు, యాభై రెండేళ్ళ వయసులో అంగస్తంభన సమస్య వచ్చినప్పుడు ఊళ్ళో డాక్టరుకు చెప్పుకోలేక, నన్నెవరూ ఎరుగని భూపాలపల్లికి బస్సెక్కాను.

అంతా విన్న డాక్టరు, "మెట్లెక్కితే ఆయాసమైతదా?" అని అడిగాడు.

నాకు ఒళ్ళు మండింది. "గోలీలు రాసియ్యి చాలు. నా ఆయాసంతోని నీకేం పని?"

"కోపం చేయకు అన్నా. అక్కడికి నెత్తురు పోయే నాళాలు సన్నగుంటయి, ముందు అవే పూడుకపోతయి. గుండెకు పోయేటివి గూడ గట్లనే అయితున్నయేమో చూడాలె."

అయిష్టంగానే పరీక్షలు చేయించుకున్నాను. గుండె నాళాలు రెండు దాదాపు మూసుకుపోయాయట! ఏనాడూ ఛాతీనొప్పి ఎరుగని నేను ఆ రిపోర్టు నాదేనా అని పేరు మళ్ళీ చూసుకున్నాను.

వరంగల్‌లో స్టెంట్లు వేశాక, భూపాలపల్లికి ఎందుకు వెళ్ళానో నా భార్యకు చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"నామీద మనసు ఇరిగిందనుకున్న. గీ మాట నాకు చెప్తే మీ ఇజ్జత్ పోతుండెనా?"

మీలో ఎవరికైనా ఇదే ఇబ్బంది ఉంటే ఇంట్లో చెప్పండి, ఒకసారి గుండె కూడా చూపించుకోండి.